గ్లాసుడు నీళ్ళ బొమ్మ

ముందు తలుపు విరిగింది. తర్వాత మన్మథరావు లోపలికొచ్చాడు. కిటికీ దగ్గర ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని బొమ్మ గీసుకుంటున్న జెర్రీని కాలరు పట్టి లేపి, పలకరింపుగా చెంప మీద ఒకటిచ్చాడు.

"ఈ ఫొటో నీకు ఎవుడిచ్చినాడురా?"

తన ఫోను జెర్రీ మొహంలోకి తోశాడు. అందులో ఒక గాజు గ్లాసు. గ్లాసు నిండా నీళ్ళు, అడుగున వేలెడు మందాన పచ్చటి మడ్డి. వెనకాల వాటర్ క్యాను. క్యాను మీదున్న మన్మథరావు ఫొటో నీళ్ళలోంచి కనబడేసరికి దవడలు రెండూ పనసకాయలా సాగిపోయాయి.

పలాస నుంచి కవిటి దాకా ఇంటింటికీ క్యాన్లు వేసే ఆసామి, క్యాను మీదికి ఇంకే బొమ్మా దొరకనట్టు తన మొహమే అచ్చేయించుకున్నాడు. పొద్దున జెర్రీ ఊరి గ్రూపులో పెట్టిన దగ్గర్నుంచి ఆ మొహం సాగిపోయి ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తిరుగుతోంది. అసలే కిడ్నీలు పాడై మనుషులు రాలిపోతున్న ఊళ్ళు. నీళ్ళలో మడ్డి చూస్తే ఎవరు ఊరుకుంటారు? ఇవాళ ఒక్క ఇంటివాళ్ళూ క్యాను దింపనివ్వలేదు.

"అది ఫొటో కాదు బావూ. నానే గీసినాను."

రెండో చెంప కూడా పేలింది.

"నాను గుడ్డోడినేటిరా? గ్లాసు మీద నీటి సుక్కలు జారతన్నట్టు కనబడతంటే గీసినాడట! నా ప్లాంటులో పనోడెవుడో తీసి నీకు పంపినాడు. ఆడి పేరు సెప్పు!"

"పేరేటీ నేదు బావూ."

"సింహాద్రీ! ఈడి కుడిసెయ్యి అట్టుకో."

సింహాద్రి ప్లాంటు ఆటో తోలుతాడు. పని పడితే మనుషుల్నీ తోలుతాడు. జెర్రీని వసారాలోకి ఈడ్చుకుపోయి, అక్కడున్న జీడిపిక్కలు కోసే మిషనులో రెండు కత్తుల మధ్య వేళ్ళు దూర్చాడు. ఆ మిషను మీద పిక్కలు కోస్తున్న జెర్రీ తల్లి నయోమి, పీట మీంచి దిగి మన్మథరావు కాళ్ళ మీద పడింది.

"ఆ సెయ్యే మాకు కూడు బావూ! ఈ గుంటడు బొమ్మలేసి పంపితేనే పొయ్యి ఎలుగుతాది. మీకు పున్నెముంటాది, ఒగ్గీండి!"

మన్మథరావు కాలు విదిలించాడు. ఆమె గోడకు కొట్టుకుని పడింది. నుదురు చిట్లింది. అమ్మ రక్తం చూసి జెర్రీకి ఒళ్ళు తెలియలేదు, సింహాద్రి ముంజేతిని కండ ఊడేలా కొరికేశాడు. సింహాద్రి వాడి డొక్కలో గుద్దాడు. మన్మథరావు మిషను పెడలు మీద కాలేసి మెల్లగా నొక్కాడు. పైకత్తి దిగి రెండు వేళ్ళ తోలు తెగింది. కత్తికి అంటిన జీడిరసం తగిలి గాయం భగ్గుమంది. జెర్రీ అరుపుకు వీధి వీధంతా గుమ్మం ముందు చేరింది. లోపలికి మాత్రం ఒక్కడూ అడుగు పెట్టలేదు. పెద్దమనుషులు కదా!

"ఇంకొంచెం తొక్కితే ఏళ్ళు పిక్కల్లో కలిసిపోతాయి. పేరు సెప్పు!"

"నా మాట నమ్మకండి బావూ. ఆ ట్యాబ్ తెప్పించండి. మీ కళ్ళతోటే సూద్దురు."

సింహాద్రి లోపల్నుంచి తెచ్చి ముందు పెట్టాడు. జెర్రీ ఎడమచేత్తో తెర మీద తాకాడు.

"బొమ్మ పొరలు పొరలుగా ఉంటాది. ఒక్కోటీ తీసేత్తాను, సూడండి."

ఒక పొర తీయగానే గ్లాసు అంచున మెరుపు పోయింది. ఇంకోటి తీస్తే నీటి చుక్కలు పోయాయి. బల్ల మీద పడిన నీడ పోయింది. మరోటి తీసేసరికి మన్మథరావు దవడలు యథాస్థానానికి వచ్చాయి. తర్వాత మడ్డి పోయింది. చివరికి అక్కడ నీళ్ళూ లేవు, గాజూ లేదు. నాలుగు సన్నటి గీతలు మిగిలాయి.

మన్మథరావు కాలు పెడలు మీంచి దిగింది.

"వార్నీ! నిజంగా గీసినావురా!"

పకపకా నవ్వి గుమ్మం వైపు తిరిగాడు.

"అందరూ సూసినారు గదా? మడ్డీ నేదు, మన్నూ నేదు. అంతా ఈడి రంగులు! నా నీళ్ళు పన్నీరు!"

నయోమి లేచి, చీరకొంగు చింపి కొడుకు వేళ్ళకు కట్టింది.

"ఈళ్ళందరి ముందరా ఇప్పుడే ఇంకో బొమ్మ గియ్యి," అన్నాడు మన్మథరావు. "అదే క్యాను, అదే గ్లాసు. నీళ్ళు మాత్రం తళతళా మెరవాల. గీసి అన్ని గ్రూపుల్లోనూ ఎట్టు. నేదా, ఏళ్ళు మళ్ళీ మిషన్లోకే."

జెర్రీ పెన్ను అందుకున్నాడు. వాడికి భయంగానే ఉంది. భయానికి రెండింతలు కోపంగా ఉంది.

"గాజూ నీళ్ళూ ఊహించి గీత్తే కుదరదు బావూ, ప్లాస్టిక్కులాగుంటాయి. ఎదురుగా ఎట్టుకుని, ఎలుతురు ఎలాగ దూరతందో సూత్తూ గియ్యాల. ఒక గ్లాసుడు నీళ్ళు పోయించి ఆ కిటికీలో ఎట్టించండి. ఉన్నదున్నట్టు గీత్తాను. అందరూ సూత్తారు."

"ఓసింతే గదా! సింహాద్రీ, గ్లాసుడు నీళ్ళు తేరా."

సింహాద్రి హుషారుగా ఆటో దగ్గరికి పోయి క్యాను భుజానికెత్తుకున్నాడు. జనాన్ని తోసుకుంటూ వచ్చి, కిటికీలో గ్లాసు పెట్టి, మూత తీసి క్యాను వంచబోయాడు.

మన్మథరావు ఒక్క గెంతులో వెళ్ళి వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"మనవి కాదురా ఎదవా! కొట్టుకెళ్ళి సీలు బాటిలు కొని తే!"