దిండులో సూది

సూదుల డబ్బాలో ఒక సూది తక్కువైంది.

అమ్మమ్మ డబ్బాను మంచం మీద బోర్లించింది. దారపు ఉండలు, గుండీలు, మొద్దుబారిన కత్తెర, అన్నీ ఉన్నాయి. పొద్దున వాడిన పొడుగు సూది మాత్రం లేదు. కుట్టుమిషన్ కింద చూసింది. చాప దులిపింది. మోకాళ్ల మీద పాకుతూ నేలంతా అరచేత్తో తడిమింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ సూదితో తను ఆఖరుగా కుట్టిందేమిటో.

నెల నిండని మనవడికి దిండు! ఇంట్లో మిగిలిన గుడ్డముక్కలన్నీ అతికి గలీబు కుట్టింది. దేనికీ పనికిరాని చిన్న చిన్న పీలికలు లోపల కూరింది. మూతి కుట్టేసి అల్లుడి చేతికిచ్చి పంపేసింది. అల్లుడు గుమ్మంలో నిలబడి తొందరపెడుతుంటే సూది ఎక్కడ పెట్టిందో, ఇప్పుడు ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా గుర్తు రావడం లేదు.

కూతురికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పిల్లాడు పడుకున్నాడని పక్కన పెట్టేసి ఉంటుంది. పడుకుంటే వాడి తల కింద ఏముంటుంది?

కొంగు భుజాల నిండా కప్పుకుని, తలుపుకు తాళం కూడా వేయకుండా వీధిలో పడింది. ఎదురొచ్చిన ఆటో ఎక్కింది.

"తొందరగా పోనీ నాయనా!"

"ఎగిరిపోనా అమ్మా? ముందు పచ్చలైటు పడాలి కదా!"

దేవుడా, ఆ సూది నా కంట్లో దిగినా ఫరవాలేదు, వాడి జోలికి మాత్రం పోనీయకు అని దారి పొడుగునా దండాలు పెట్టుకుంది.

కూతురి ఇంట్లో అడుగుపెట్టేసరికి వాడు ఆ దిండు మీదే పడుకుని ఉన్నాడు. పక్కన కూర్చుని వియ్యపురాలు జోకొడుతోంది. అమ్మమ్మ మాటామంతీ లేకుండా వెళ్లి వాడి తల కింద నుంచి దిండు లాగేసింది. వాడు ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నాడు.

"ఇదేం పని వదినగారూ! ఇప్పుడే కదా వాడికి కునుకు పట్టింది!"

"దీంట్లో సూది ఉంది."

వంటగదిలోంచి కూతురు తడిచేతులతో పరుగెత్తుకొచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుంది. వియ్యపురాలి మొహం పాలిపోయింది. ఆ వెంటనే కందగడ్డలా అయింది.

"చిలక్కి చెప్పినట్టు చెప్పాను, కొన్న దిండు ఉంది, ఈ పీలికల మూట మాకెందుకని. విన్నారా?"

"తిట్టండి, తర్వాత ఎంతైనా తిట్టండి. ముందు కత్తెర ఇవ్వండి!"

కుట్లు పటపటా తెగాయి. పీలికలు దుప్పటి మీద కుప్పగా పడ్డాయి. వియ్యపురాళ్లిద్దరూ చెరోవైపు కూర్చుని ఒక్కో ముక్కా విప్పి, నలిపి, వెలుతురుకు పట్టి చూశారు. కూతురి బడి గౌను అంచు వచ్చింది. అల్లుడి చొక్కా కాలరు వచ్చింది. ఎప్పుడో చింపేసిన పరదా కొస వచ్చింది. సూది రాలేదు.

"దొరకలేదంటే ఏంటమ్మా?" కూతురు పిల్లాణ్ణి గుండెకు హత్తుకుంది. "వీడి ఒంట్లోకి గానీ..."

"నోర్ముయ్!" అని అరిచింది అమ్మమ్మ. అరిచాక తనకే ఏడుపొచ్చింది. ఆటో ఎక్కినప్పటి నుంచీ తన గొంతులోనూ అదే మాట అడ్డం పడి ఉంది.

మళ్లీ మొదటి నుంచి వెతికారు. గలీబు తిరగేసి కుట్టు కుట్టూ తడిమారు. పిల్లాడి బట్టలు విప్పి, కిటికీ దగ్గర పడుకోబెట్టి, అరికాలి నుంచి మాడు దాకా చూశారు. ఎర్రచుక్క కూడా లేదు. వాడు ఏడుపు ఆపి, కాళ్లు తన్నుకుంటూ ఆవులించాడు.

"లేదు," అంది వియ్యపురాలు చివరికి. "దిండులో లేదు, వీడికేం కాలేదు. మీ ఇంట్లోనే ఏ మూలో పడి ఉంటుంది. మా ప్రాణాలు తోడేశారు కదా!"

అమ్మమ్మ గోడకు జారగిలబడి బావురుమంది.

"ఇక జన్మలో వీడికేమీ కుట్టను, ఒట్టు. వీణ్ణి ముట్టుకోను కూడా. నేనసలు మనిషినేనా?"

వియ్యపురాలి మనసు కరిగింది.

"ఊరుకోండి వదినగారూ. ఇంకొకరైతే పరువు పోతుందని కిక్కురుమనకుండా ఇంట్లో కూర్చునేవారు. మీరు పరుగెత్తుకొచ్చారు. అమ్మమ్మ ముట్టుకోకపోతే వాడు మాత్రం ఊరుకుంటాడా? ఇదిగో, ఎత్తుకోండి."

అమ్మమ్మ కొంగు తీసి కళ్లు తుడుచుకుంది. రెండు చేతులా మనవణ్ణి అందుకుంది. ఆ మెత్తటి తలను భుజానికి గట్టిగా అదుముకుంది.

వాడు కెవ్వుమన్నాడు.

వియ్యపురాలు ఒక్క ఉదుటున వాణ్ణి లాక్కుంది. అమ్మమ్మ భుజం వైపు చూసి, తిట్టడం కూడా మరిచిపోయి, నెమ్మదిగా అంది.

"వదినగారూ, సూది మీ జాకెట్టుకే గుచ్చి ఉంది."