నాయిక మౌనం

“నాయిక చివర్లో నోరు విప్పిందా? ఏ విమర్శకుడన్నాడే ఆ మాట?” అంటూ సాహిత్యం లెక్చరరైన మామయ్య మేనకోడలి జవాబును ఎర్రసిరాతో కొట్టేశాడు.

“ఎవరూ అనలేదు మామయ్యా. నవలలోనే ఉంది. చివరి అధ్యాయంలో ఇంట్లో మగాళ్లందర్నీ కడిగిపారేస్తుంది.”

“చాల్లే. ఈ వ్యాస సంకలనంలో ఇంతమంది పండితులు ఆమె మౌనం గురించి రాశారు. మొదటి వ్యాసం నాదే. మాకెవరికీ కళ్లు లేవంటావా?”

ఎందుకు లేవూ, ఒకరి వ్యాసం చూసి ఇంకొకరు రాయడానికి ఉన్నాయి కదా అనుకుంది ఆమె. పైకి మాత్రం, “పోనీ, మీ పుస్తకంలోనే చూపించండి,” అంది.

మామయ్య అద్దాల బీరువాలోంచి నవల తీశాడు. “ఏళ్ల తరబడి పాఠం చెప్తున్న నవల. నాకే నేర్పడానికొచ్చింది మహాతల్లి!” అని సణుగుతూ చివరి అధ్యాయం తెరవబోయాడు.

తెరుచుకోలేదు. ప్రెస్సులో అంచులు కోయకుండా వదిలేసిన ఆ కాగితాలు, ఒకదాన్నించి ఒకటి విడిపోకుండా కొన్ననాటి మడతల్లోనే ఉన్నాయి.

మామయ్య చెవులు ఎర్రబడ్డాయి.

వంటింట్లోంచి అత్తయ్య కేకేసింది. “ఏమే, మీ మామయ్య గొంతు వినబడటం లేదేం?”

“చాకు ఇవ్వండి అత్తయ్యా. మామయ్య నవల చదువుతారట.”