మందు ఇంకిందా?

"మందు లోపలికి ఇంకిందామ్మా?"

గేటు దాటుతున్న ల్యాబ్ మేడంకి మళ్ళీ అదే ప్రశ్న ఎదురొచ్చింది.

అడిగింది గేటు పక్క బెంచీ మీది నెరిసిన జుట్టావిడ. కొన్నాళ్ళుగా పొద్దున్నే వస్తుంది, ల్యాబ్ మూసేదాకా కూర్చుంటుంది. ఎవరో, ఎందుకో తెలీదు.

"ఇంకలేదు" అని విసుక్కుంటూ మేడం లోపలికి నడిచింది.

"మీ ఇంటాయన కూడా మీకోసం ఇంతలా ఎదురుచూడడేమో మేడం!" అన్నాడు వాచ్‌మన్.

నవ్వే ఓపిక ఆమెకి లేదు. తమ్ముడి కాలికి తామర పట్టింది. అసలే షుగరు మనిషి, వేళ్ళ సందులు పగిలి చీము పట్టాయి. లివరు బాగోలేదు కాబట్టి మాత్రలు వాడకూడదన్నారు. ఇక పూత మందే గతి. పూసిందేమో పైపైనే ఉండిపోతోంది. ఇలాగే ఉంటే వేళ్ళు తీసెయ్యాల్సిందేనన్నాడు డాక్టరు.

"అక్కా, నీ కొత్త ఆయింట్‌మెంటు వచ్చేసరికి పూయడానికి నాకు కాలుంటుందంటావా?" అని వాడి వేళాకోళం.

ఆమె ల్యాబ్‌లో పని ఆ ఆయింట్‌మెంటు మీదే. చిన్న గాజు గొట్టాలు, వాటి మూతుల మీద బిగించిన చర్మం ముక్కలు. అవి చనిపోయినవాళ్ళవి, ఇంటివాళ్ళు దానంగా ఇచ్చినవి. దొరకడమే గగనం. ఎవరివని అడగకూడదు, అది అక్కడి పద్ధతి. డబ్బా మీద నంబరొక్కటే ఉంటుంది.

ఆ పద్ధతి మేడంకి ఎంత ఒంటబట్టిందంటే, బెంచీ మీదావిడ పేరు కూడా ఎన్నడూ అడగలేదు.

ఓ మధ్యాహ్నం టీ కప్పుతో బయటికొచ్చింది. ఆవిడ చప్పున లేచి నిలబడింది.

"మీకూ తామరేనా? అయితే ఆస్పత్రికెళ్ళండి. ఇక్కడ మందులివ్వరు."

"నాకేం లేదమ్మా. లోపల చలిగా ఉంటుందా?"

"ఏసీ గది కదా, ఉంటుంది."

"అయ్యో!"

"చలి మాకేలెండి. చర్మం కింద గోరువెచ్చటి నీళ్ళు తిరుగుతూనే ఉంటాయి. మనిషి ఒంటి మీద ఉన్నట్టే ఉండాలి, లేకపోతే పరీక్ష చెల్లదు."

ఆవిడ మొహం తేటపడింది. "అయితే వెచ్చగానే ఉందన్నమాట."

మేడంకి ఆ మాట వింతగా తోచింది. అయినా పాఠం మొదలుపెడితే ఆపలేని మనిషి.

"మందు పైపొర దాటాలి. అలాగని కిందికి దిగి నీళ్ళల్లో కలిసిపోకూడదు. చర్మంలోనే నిలవాలి. నిలిచిందో లేదో తెలియాలంటే టేపు అంటించి పొర తర్వాత పొర ఒలిచి చూస్తాం."

"ఒలుస్తారా? నొప్పి..."

"నొప్పెవరికమ్మా? అదేమన్నా ప్రాణమున్న మనిషా?"

ఆవిడ బెంచీ మీద కూలబడింది.

లోపలికెళ్ళి టేపు లాగుతుంటే మేడం చెయ్యి ఆగిపోయింది. పక్కనెవరో 'అమ్మా' అన్నట్టయింది. గదిలో ఎవరూ లేరు. మళ్ళీ లాగింది, మెల్లగా. ఇంకా మెల్లగా. చివరికి తన భయం మీద తనకే కోపమొచ్చి వాచ్‌మన్‌కి ఫోన్ చేసింది.

"ఆవిణ్ణి రేపట్నించి గేటు దగ్గర కూర్చోనివ్వకు. నాకు చేతులాడ్డం లేదు."

విచిత్రంగా ఆ ముక్కల్లోనే మందు నిలిచింది. పైపొర దాటి, కిందికి జారిపోకుండా, ఎంత కావాలో అంత.

అనుమతులొచ్చాక డాక్టరే తమ్ముడి కాలికి ఆ మందు పూశాడు. నెమ్మదిగా పగుళ్ళు పూడాయి. వేళ్ళు దక్కాయి. వాడు చెప్పులేసుకుని తన కాళ్ళ మీద తనే నడిచొస్తుంటే ఆమెకి ఏడుపు ఆగలేదు.

అప్పుడు బెంచీ గుర్తొచ్చింది. ఇంకిందని ఆవిడకొక్క మాట చెప్పాలనిపించింది. పరుగున గేటు దగ్గరికెళ్ళింది.

"ఆవిడేదీ?"

"మీరు వద్దన్న రోజే ఆఖరు మేడం" అన్నాడు వాచ్‌మన్. "ఆ సాయంత్రం, వాడేసిన ముక్కల్ని కాల్చడానికి తీసుకెళ్ళే బండి బయటికి పోతుంటే, అందులో ఏముందని అడిగింది. చెప్పాను. చెప్పులు బెంచీ కిందే వదిలేసి, ఆ బండి వెనకే నడుచుకుంటూ పోయింది. ఆపినా ఆగలేదు."

"ఎందుకు?"



"వెళ్తూ చెప్పింది. కొడుకు పోతే కళ్ళూ, గుండే అన్నీ ఎవరెవరికో ఇచ్చేసిందట మేడం. వాడి చర్మం మాత్రం ఇక్కడికొచ్చిందని తెలిసి, రోజూ వాడి దగ్గర కూర్చుందామని వచ్చేదట."