బాపు తిరగని ఊరు లేదు

నెల్లికుదురు ఫంక్షన్ హాల్లో మైకు రెండుసార్లు కీచుమని ఊరుకుంది. వేదిక వెనక ఫ్లెక్సీ మీద కిషన్‌రావు నవ్వుతున్నాడు. ఆయన చుట్టూ రైలు, విమానం, పడవ బొమ్మలు. కింద ఎర్ర అక్షరాల్లో 'అలుపెరుగని యాత్రికునికి ఘన నివాళి' అని ఉంది. ఆ మాట రాయించింది కొడుకు శ్రీపాల్. అతనికి ఈసారి ఎంపీటీసీ టికెట్ మీద కన్నుంది.

కిషన్‌రావు పోయి ఏడాదైంది. సంవత్సరీకం పొద్దున్నే ఇంట్లో అయిపోయింది. ఇప్పుడు సంస్మరణ సభ, ఆ తర్వాత మటన్ భోజనం. జనం రెండోదాని కోసం మొదటిదాన్ని ఓర్చుకుంటున్నారు.

ముందు వరసలో కిషన్‌రావు భార్య మణెమ్మ కూర్చుంది. ఆమెకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఫ్లెక్సీ మీద ఉన్నది మొగుడో, ఎమ్మెల్యేనో తెలియడం లేదు. మొన్న వాకిట్లో నిలబెట్టిన బైకును దూడ అనుకుని నిమిరింది కూడా.

"శ్రీపాలూ, కండ్లు మసకలైతున్నయి బిడ్డా. జర మానుకోట దవాఖానకు తీస్కపో" అని ఎప్పటి నుంచో అడుగుతోంది. మానుకోట అంటే మహబూబాబాదే. బస్సులో సీటు వేడెక్కకముందే దిగాల్సిన ఊరు.

"గీ సభ కానీ అవ్వా" అన్నాడు శ్రీపాల్. అంతకుముందు "ఆల్బం ప్రింటయి రానీ" అన్నాడు. అంతకుముందు "బాపుతోని కాశీకి పోయేది ఉన్నది" అన్నాడు. మణెమ్మను మాత్రం ఏ యాత్రకూ తీసుకుపోలేదు. ఇంటి దగ్గర బర్రెలకు ఎవరో ఒకరు ఉండాలి కదా.

జనగామ నుంచి వచ్చిన ముఖ్య అతిథి, రిటైరైన లెక్చరర్, 'బాపుతో నా యాత్రలు' అనే ఆల్బం విడుదల చేశారు. నూట పన్నెండు రంగుల పేజీలు.

"గిట్లాంటి కొడుకులు ఈ కాలంల ఎక్కడున్నరు?" అన్నారాయన. "తండ్రిని కాశీ, గయ, ప్రయాగ, హరిద్వార్, రామేశ్వరం తిప్పిండు. విమానం గూడ ఎక్కించిండు. నేను మా నాయినను కాజీపేట దాటించలే!"

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కిషన్‌రావు బతుకంతా పొలం, బర్రెలు, మిర్చి కల్లం. తిరుగుడంతా ఆఖర్న మొదలైంది. మొదలయ్యాక ఇక శ్రీపాల్ ఆగలేదు. ప్రతి రేవులో ఒక సెల్ఫీ, ప్రతి సెల్ఫీ ఫేస్‌బుక్‌లో. కాకపోతే సెల్ఫీలో తీసేవాడి ముఖమే పెద్దగా పడుతుంది. బాపుకు ఫ్రేములో చోటు సరిపోలేదు.

వెనక వరసలో లచ్చిరాం తల ఊపాడు. తండా మనిషి, కిషన్‌రావు పొలంలో నలభై ఏళ్లు పనిచేశాడు. "మా దొర నాతోని కేసముద్రం అంగడి దాక వచ్చెటోడు. గదే దూరం అనుకున్న. మస్తు దూరం పోయిండు" అన్నాడు పక్కవాడితో.

తర్వాత మనవరాలు శ్రేయ కాగితం చూసి చదివింది.

"తాతతో ట్రావెల్ చేయడం చాలా ఈజీ. విండో సీట్ కావాలనలేదు. టిఫిన్ బాగాలేదనలేదు. నిఖిల్ అన్నయ్య పాటలు పెడితే సౌండ్ తగ్గించమనలేదు. ఎయిర్‌పోర్టులో చెకింగ్ వాళ్లు మాత్రం తాతను చాలాసేపు చూశారు."

జనం నవ్వారు. కోడలు లీలావతి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇంట్ల ఉన్నప్పుడు మామయ్య గింత నిమ్మలంగ ఎన్నడుండలే" అంది పక్కావిడతో.

చివరికి శ్రీపాల్ మైకు అందుకున్నాడు.

"బాపు ఆఖరి కోరిక కాళేశ్వరం. గోదాట్ల ఒక్క మునుగు మునగాలె అన్నడు. తీస్కపోయిన. నా చేతులతోని నేనే ముంచిన."

ఆ మాట కూడా నిజమే. హాలంతా చప్పట్లు.

శ్రీపాల్‌కు చప్పట్లు పడవు. విన్నాడంటే నోరు ఆగదు. "సభాముఖంగ మాటిస్తున్న. బాపును తిప్పినట్టే మా అవ్వను గూడ తిప్పుత. ఒక్క ఊరు తక్కువ కానియ్య!"

వేదిక దిగి వచ్చి మైకును మణెమ్మ నోటి దగ్గర పెట్టాడు. "రెండు ముక్కలు మాట్లాడు అవ్వా."

ఫోన్లన్నీ పైకి లేచాయి. తల్లి నోట ఒక్క దీవెన పడితే చాలు. ఇవాళ వీడియో, రేపు టికెట్.

మణెమ్మ తడుముకుంటూ మైకు పట్టుకుంది. ఆమెకు నిజంగానే భయం వేసింది.

"జర పాణముండంగనే నన్ను మానుకోటకు తీస్కపో బిడ్డా, మీ బాపు లెక్క కాష్టంల బొక్కలేరి ముంతల వెట్టుకున్నంక దేశమంత తిప్పుడు నాకొద్దు."