నాయన చేసిన గాలం

"ఏమప్పా సుంకన్నా, ఇంటివాసం పీక్కొచ్చినావే! ఇంగ వానొస్తే యాడ పండుకుంటావు?"

శంకరప్ప మాటకు మరవ గట్టు మీద కూర్చున్నవాళ్ళంతా గొల్లుమన్నారు.

మూడేళ్ళ కరువు తర్వాత పెనుకొండ చెరువు నిండి, అలుగు దాటి నీళ్ళు పొర్లుతూ మరవ పోతోంది. పారే నీళ్ళకు ఎదురెక్కే చేపల కోసం ఊళ్ళో గాలాలన్నీ ఆ పొద్దు అక్కడే చేరాయి. శంకరప్ప చేతిలో బెంగుళూరు నుంచి తెచ్చిన కొత్త ఫైబరు గాలం. సుంకన్న చేతిలో పాత వెదురుది.

"ఇది మా నాయన సొంత చేత్తో చేసింది. దీని ముందర నీ ప్లాస్టిక్‌పుల్ల యా మూలకు?" అన్నాడు సుంకన్న.

తండ్రి పోయి ఏడాదయింది. ఆయన గుర్తుగా మిగిలింది ఆ గాలమొక్కటే. ఇవాళ దానితో ఒక పెద్ద చేపను గట్టెక్కించాలి. నలుగురి నోట తండ్రి పేరు వినపడాలి. సుంకన్న పట్టుదలంతా అదే.

"ఒక్కతూరి సూద్దునా అబ్బా?"

వెనక ఎవరో ముసలి సాయిబు. భుజాన గుడ్డసంచి. చూపు మాత్రం గాలం మీదే ఉంది.

"యా వూరు నీది?"

"ధర్మవరం. నూరుల్లా అంటారు. ఈడ మరవ పోతాందంటే సూసిపోదామని బస్సెక్కితి."

సుంకన్న అవునూ కాదూ అనకముందే ఆయన గాలం కొన పట్టుకుని మెల్లగా వంచాడు. కళ్ళు మూసుకుని వేళ్ళతో వెదురును తడిమాడు.

"వంపనేది కొన నుంచి పిడి దాకా కాలవ పారినట్ల పారల్లబ్బా. అప్పుడే బరువు కట్టెంతా పంచుకుంటాది. ఈడ సూడు, పారేది ఆగిపోతాంది. పట్టుదారం చుట్టు ఊడింది. ఆగిన తావునే ఇరుగుతాది. నా సంచిలో దారం ఉండాది, రోంతసేపుంటే చుట్టిస్తా."

"నువ్వు చుట్టేది చాల్లే. మా నాయనకు తెలీనిది నీకు తెల్సునా?"

ముసలాయన కొన వదిలేశాడు.

"మీ నాయన చేసినాడా ఇది?"

"మరి? ఆయనే చెప్పినాడు."

"ఎట్లుండాడు మీ నాయన?"

"పోయినేడు సచ్చిపాయ."

నూరుల్లా నీళ్ళ వైపు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగి, అందరికీ వినపడేలాగే అన్నాడు.

"బాగ చేసినాడబ్బా. మంచి చెయ్యి మీ నాయనది."

శంకరప్ప కిసుక్కుమన్నాడు.

"సాయిబు కన్ను పడె! ఇంగ నీ గాలం పని అయిపాయ పో!"

ఆ నవ్వు ఆగకముందే సుంకన్న బెండు గుబుక్కున మునిగింది. గాలం విల్లయింది.

"వాలుగ! వాలుగప్పా, మనిషంత ఉండాది!"

"పైకెత్తద్దు!" నూరుల్లా అరిచాడు. "పక్కకు వాల్చు. పోతే పోనీ. దాన్ని అలిసిపోనీ!"

గట్టు మీద అందరూ లేచి నిలబడ్డారు. అంతమంది చూస్తుంటే సుంకన్నకు ఓపిక నిలవలేదు. పళ్ళు బిగబట్టి రెండు చేతులా గాలాన్ని నిట్టనిలువుగా ఎత్తాడు.

పెళ్ళుమంది.

చుట్టు ఊడిన తావునే. కొనముక్క దారంతో సహా చేప వెంట కొట్టుకుపోయింది.

"వాసం ఇరిగెరో! ఇల్లు కూలెరో!" అన్నారెవరో.

సుంకన్న ముఖం కందగడ్డ అయింది. నవ్వేవాళ్ళను ఏమీ అనలేక, చేతిలో మిగిలిన మొండి పట్టుకుని ముసలాయన మీదికి పోయాడు.

"నీ కన్నే! ముట్టితివి, మెచ్చితివి, ఇరిగిపాయ! కాలెత్తు!"

"ఎందుకు నాయనా?"

"నీ కాలికింద మన్ను గావల్ల. ఉప్పూ మిరపకాయలతో కలిపి పొయ్యిలో కాల్పిస్తా. నీ దిష్టి నీకే తగలాల!"

నవ్వులు ఆగిపోయాయి. శంకరప్ప కూడా తల పక్కకు తిప్పుకున్నాడు.

నూరుల్లా చెప్పులు విడిచాడు. ఒక కాలు నేల మీద గట్టిగా అదిమి, అచ్చు పడ్డాక పక్కకు జరిపాడు.

"తీసుకోబ్బా. నీ మనసు కుదుటపడితే సాలు."

సుంకన్న వంగి గుప్పెడు మన్ను తీసి టవలు కొనలో మూటగట్టాడు. పగిలిన ఆ పాదాలు కళ్ళ ముందే ఉన్నాయి. తలెత్తి ఆయన ముఖం చూడాలంటే ఎందుకో మెడ లేవలేదు. లేచేసరికి ముసలాయన బస్టాండు దారి పట్టాడు. పిలుద్దామనుకున్నాడు. ఏమని పిలవాలో తెలియలేదు.

ఇంట్లో తల్లి గంగులమ్మ పొయ్యి ముందు ఉంది.

"అమ్మా, ఈ మన్ను నిప్పుల్లో ఎయ్యి. ఒక ముసిలోడు దిష్టిపెట్టి నాయన గాలం ఇరిపిచ్చినాడు."

ఆమె ఉప్పు చేతిలోకి తీసుకుంది.

"ఎవుర్రా వాడు?"

"ఎవురో ధర్మవరం సాయిబంట. నూరుల్లా."

గంగులమ్మ చేయి గాలిలోనే నిలిచిపోయింది.

"యాడ ఉండాడు?"

"బస్సుకు పాయ గదా, ఈ పాటికి ఎక్కింటాడు."

"గాలం మీ నాయన చేసినాడని ఆయప్పతో గూడా అంటివా?"

"అంటి. ఏం?"

"దానికేమనె?"

"బాగ చేసినాడు, మంచి చెయ్యి మీ నాయనది అనె."

గంగులమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ నాయన సిగ్గుపడి ఊరంతా అట్ల చెప్పుకున్యాడు రా. నేనూ నోరు మూసుకుంటి."

"చేసింది నాయన కాదా?"

"నువ్వు నా కడుపులో ఉన్నెప్పుడు మీ నాయన ఆ మరవలోనే కొట్టుకపోతాంటే, తన చేత్తో చేసుకున్న ఇదే గాలమేసి చొక్కాకు తగిలిచ్చి, చేపనాడిచ్చినట్ల ఆడిచ్చి ఆడిచ్చి గట్టుకు తెచ్చి, నీ ప్రాణం మోసింది నీ దగ్గిరే ఉండనీలే అని చేతిలో పెట్టి పోయినోడురా ఆ నూరుల్లా."