మొద్దబ్బాయి పక్క సీటు

"ఇంకోపాలి సెప్పవా?" అన్నాడు సునీల్‌కుమార్.

మనోజ్ఞ చేతిలోని పెన్ను డెస్కు మీద పడేసింది. భవానీపూర్‌లోని ఆ లా ఎంట్రన్స్ కోచింగ్ సెంటర్‌లో మిగతావాళ్ళంతా తర్వాతి పేజీకి వెళ్ళిపోయారు. ఈ మొద్దు పక్కన కూర్చున్న పాపానికి తనొక్కతే అదే ప్రశ్న పట్టుకుని వేలాడుతోంది.

"అసలు నిన్ను లాయరవమని ఎవరు చెప్పారు?"

"మా నాన్న," అన్నాడతను, ఏమాత్రం నొచ్చుకోకుండా.

వాళ్ళ నాన్న రేవులో పనిచేస్తాడు. తాతల కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ నగరానికి వచ్చి, రేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో స్థిరపడ్డ కుటుంబం. సునీల్‌కి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. ఆ మాట్లాడేదైనా సగం బెంగాలీ. పైగా ఇరవై దాటినవాడిలా కనిపిస్తాడు. ఈ పరీక్ష ఇప్పటికి ఎన్నిసార్లు తప్పాడో అనుకుని మనోజ్ఞ లోలోపల నవ్వుకునేది.

మనోజ్ఞ వాళ్ళ నాన్న సెక్టర్ ఫైవ్‌లో ఐటీ మేనేజరు. హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చారు. బడిలో ఆమెకెప్పుడూ మొదటి ర్యాంకే. నిరుడు లా ఎంట్రన్స్‌లో మాత్రం సీటు రాలేదు. ప్రశ్నలే సరిగ్గా ఇవ్వలేదని ఆమె నమ్మకం. ఈసారీ రాకపోతే బీకాంలో చేరాల్సిందేనని నాన్న తేల్చేశాడు.

సెంటర్ నడిపే అభిజిత్ సార్ మీద కూడా ఆమెకు పెద్ద గౌరవం లేదు. చేరిన కొత్తలోనే, ఆయన తప్పన్న జవాబు తప్పు కాదని క్లాసు జరిగినంతసేపూ వాదించింది. చివరికి ఆయన నవ్వేసి, "నీకు నేర్పడం నా వల్ల కాదమ్మా," అన్నాడు. తనే గెలిచాననుకుంది. ఆ మర్నాడే సునీల్ బ్యాచ్‌లో చేరాడు. సార్ అతన్ని తీసుకొచ్చి ఆమె పక్కనే కూర్చోబెట్టాడు.

"మీ ఇద్దరిదీ ఒకే భాష. కాస్త సాయం చెయ్యి."

అప్పట్నుంచీ ఇదే గోల.

"విను," అంది మనోజ్ఞ పళ్ళు బిగించి. "అనుమతి లేకుండా పక్కవాడి స్థలంలో కాలు పెట్టడం నేరం. ఇదీ ఇక్కడ ఇచ్చిన సూత్రం. ఒకాయన తన బాల్కనీలోంచి చెయ్యి చాపి పక్కింటి కుండీలో కరివేపాకు కోశాడు. నేరం చేశాడా? చేశాడు. అంతే."

"కాలెట్టినేదు కదా?"

"చెయ్యి పెట్టినా ఒకటే. చట్టంలో అలాగే ఉంటుంది."

"సట్టంలో ఉంటాది. ఈ పేరాలో ఎక్కడుంది?"

చూపిద్దామని ఆమె పేరా మీదికి వంగింది. ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. చెవులు వేడెక్కాయి.

"అదే నేను చెప్పబోతున్నాను," అంది. "మనకి తెలిసింది ఇందులోకి తేకూడదు. ఇచ్చిన సూత్రమే చూడాలి. రాసుకో."

సునీల్ బుద్ధిగా రాసుకున్నాడు.

రోజూ అంతే. ప్రశ్న సగంలోనే ఆమె జవాబు పెట్టేసేది. అతను ఇంగ్లీషు ప్రశ్నపత్రం మీద వేలు పెట్టి ఒక్కో మాటా చదివేవాడు. చివర్లో 'కానిది ఏది' అని ఉండేది. "కానిదంతన్నాడేటి?" అని అమాయకంగా అడిగేవాడు. అతనికి వివరించడానికని ఆమె ప్రతి ప్రశ్ననీ చివరిదాకా చదవాల్సి వచ్చేది.

"తెలియనివి వదిలెయ్. గుడ్డిగా పెడితే మార్కులు పోతాయి," అని ఒకరోజు కసిరింది.

"మరి నువ్వు ఒగ్గవేటి?"

ఆ వారం మాక్ టెస్టులో ఆమె తెలియనివి వదిలేసింది. మార్కులు బాగా పెరిగాయి. తన తెలివికి తనే మురిసిపోయి, "నీకెన్నొచ్చాయి?" అని అడిగింది. సునీల్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నా సంగతి ఒగ్గేయ్."

చూపించడానికి కూడా సిగ్గేసే మార్కులన్నమాట. మనోజ్ఞ నేరుగా సార్ దగ్గరికి వెళ్ళింది.

"సార్, నన్ను వేరే చోట కూర్చోబెట్టండి. నా టైమంతా అతనికే పోతోంది."

"అతను నీకు పోటీ కాడు కదా. ఎందుకు భయం?" అన్నాడాయన.

నిజమే. పోటీ ఎలా అవుతాడు? ఆ మాట నచ్చి ఆమె వెనక్కొచ్చి కూర్చుంది.

పరీక్ష రోజున హాల్లో ఆమె చెయ్యి ఎప్పటిలాగే తొందరపడింది. ఒక ప్రశ్న సగంలో పెన్ను జవాబు మీదికి పోతుంటే, 'ఈ పేరాలో ఎక్కడుంది?' అన్న ఆ మొద్దు గొంతు వినిపించినట్టయింది. ఇక్కడా వదలడా అని విసుక్కుంది. అయినా పేరా మళ్ళీ చదివింది. జవాబు వేరే.

బయటికొచ్చేసరికి ఎదురుగా ఫుట్‌పాత్ మీద సునీల్ మట్టి కప్పులో టీ తాగుతున్నాడు. అతను హాల్లోంచి వచ్చినవాడిలా లేడు.

"పరీక్షకి కూడా ఆలస్యంగా వచ్చావా? గేటు మూసేశారా?"

"నా సంగతికేటి గానీ, నువ్వెలగ రాసినావు?"

"నీ పక్కన కూర్చుని కూడా బాగానే రాశాను," అని ఆమె వెనక్కి తిరక్కుండా మెట్రో వైపు నడిచింది.

ఫలితాలొచ్చాయి. సాల్ట్ లేక్‌లోని లా కాలేజీలో, ఇంటికి దగ్గర్లోనే సీటు వచ్చింది. సందేశ్ మిఠాయి డబ్బా పట్టుకుని సెంటర్‌కి వెళ్ళింది. అభిజిత్ సార్ నిజంగానే సంతోషించాడు.

"ఇలాంటివాళ్ళని చేర్చుకుని ఆశలు పెట్టకండి సార్," అంది తను, పెద్దరికంగా. "పాపం ఆ సునీల్. ఇప్పుడేం చేస్తున్నాడు?"

"నువ్వే అడుగు. కాలేజీ తెరిచాక రోజూ కనిపిస్తాడుగా."

"మా కాలేజీలోనా? క్యాంటీన్‌లో పని దొరికిందా?"

సార్ సందేశ్ ముక్క నోట్లో వేసుకున్నాడు.

"నా పాత శిష్యుడే. అక్కడ నాలుగో సంవత్సరం చదువుతున్నాడమ్మా."