నిష్ వెళ్ళొచ్చిన మనిషి

"మరి కోట దగ్గరికి ఎలా వెళ్ళావు? నడిచా, టాక్సీలోనా?" అని రాజారావు అడిగేసరికి నిశాంత్ చేతిలోని గారె జారి ప్లేటులో పడింది.

అప్పటిదాకా అంతా సాఫీగానే సాగింది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో నీరజ్, శ్రీవల్లి కొత్తగా కొన్న ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం భోజనాలు. లేబర్ డే లాంగ్ వీకెండ్‌కి నిశాంత్ ఒక్కడే సెర్బియాలోని నిష్ అనే ఊరికి చవగ్గా వెళ్ళొచ్చాడని అతని భార్య చరిత అందరికీ గొప్పగా చెప్పింది. ఆడవాళ్ళు సోలో ట్రిప్పా అని ముచ్చటపడ్డారు. మగవాళ్ళు ఐటినరీ వాట్సాప్‌లో పెట్టమన్నారు. ఈ ఊళ్ళో ఒకడు చవగ్గా ఎక్కడికైనా వెళ్ళొచ్చాడంటే ఆ ఐటినరీ ఉమ్మడి ఆస్తి కింద లెక్క.

చిక్కల్లా ఏమిటంటే, నిశాంత్ నిష్ వెళ్ళలేదు. అసలు విమానమే ఎక్కలేదు. కారు వేసుకుని ఓక్లహోమా దాకా పోయి, హైవే పక్కన ఒక మోటెల్‌లో గది తీసుకుని, కర్టెన్లు మూసి పడుకున్నాడు. లేచి ఇంత తిని మళ్ళీ పడుకున్నాడు. ప్రతి వీకెండూ ఎవరిదో పుట్టినరోజు, ఎవరిదో గృహప్రవేశం, ఎవరి పిల్లదో అరంగేట్రం. ఎక్కడికి వెళ్ళినా అవే మొహాలు, అదే పనీర్. కొన్నాళ్ళుగా అతనికి లోపల ఒకటే అలజడి, కూర్చుంటే లేవాలనీ, లేస్తే ఎటో పోవాలనీ. కొన్ని రోజులు ఎవరితోనూ మాట్లాడాలని లేదంటే చరిత కంగారుపడి డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుంటుంది. సోలో ట్రిప్ అంటే సూట్‌కేసు సర్ది మరీ పంపిస్తుంది. పంపించింది కూడా. పారిస్, ఇస్తాంబుల్ అంటే ఎవరో ఒకరు చూసి ఉంటారని, జనం పెద్దగా వెళ్ళని బాల్కన్ ఊళ్ళేవో ఇంటర్నెట్‌లో గాలించి నిష్‌ని పట్టుకున్నాడు. మనవాళ్ళెవరూ ఆ పేరైనా విని ఉండరని అతని ధీమా.

ఆ ధీమా ఉషా ఆంటీ నోరు విప్పేదాకానే నిలిచింది. ఆవిడ శ్రీవల్లికి పెద్దమ్మ. భర్త రాజారావు గుండె డాక్టరుగా రిటైరయ్యాక ఇద్దరూ ఈమధ్యే ఒహాయో నుంచి ఇక్కడికి మారారు. "మా ఆయన కూడా ఏప్రిల్‌లో అక్కడికే వెళ్ళొచ్చారు, ఒక్కరే. ఒక్క ఫోటో తెస్తే ఒట్టు" అందావిడ. మా ఆయనా అంతేనంది చరిత. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ వెంటనే రాజారావు కోట సంగతి అడిగాడు.

"నడిచే వెళ్ళాను అంకుల్. వంతెన దాటితే అదే కదా" అన్నాడు, ఇంటర్నెట్‌లో చూసింది గుర్తు చేసుకుని.

"అవునవును. వంతెన" అన్నాడు రాజారావు.

అంతటితో వదిలినా బాగుండేది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, పొద్దున్నే ఏం తిన్నావు, కోట లోపల ఏం చూశావు, అక్కడి జనం ఇంగ్లీష్ మాట్లాడారా అని రోగిని అడిగినట్టు ఒకదాని వెనక ఒకటి అడిగాడు. బురెక్ అని చీజ్ పెట్టిన పొరల రొట్టె తిన్నానని చెబితే, ఆ పేరు మళ్ళీ చెప్పించుకున్నాడు. ఎక్కడా కాదనలేదు. ఆయన కాదనకపోవడమే నిశాంత్‌ని ఎక్కువ భయపెట్టింది. తెలిసే ఆడిస్తున్నాడనిపించింది.

ఇంతలో నీరజ్ లాప్‌టాప్ తెచ్చి, థాంక్స్‌గివింగ్‌కి మనమంతా కలిసి నిష్ వెళ్దామన్నాడు. నిశాంత్ ఎక్కడ దిగాడో చెబితే అక్కడే బుక్ చేస్తానన్నాడు. నిశాంత్ తడుముకుంటూ, హోటల్ కాదు, ఒక మామ్మగారి ఇల్లు, పెరట్లో రేగుపళ్ళలాంటి పళ్ళతో ఆవిడే జామ్ చేసి పెట్టేదని నోటికొచ్చింది అల్లేశాడు.

"ఈసారి నేనూ వస్తాను. ఆ మామ్మని నాకు చూపించాలి" అంది చరిత.

ఆమె కళ్ళలో అంత నమ్మకం చూసి నిశాంత్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. ఈ అబద్ధం బయటపడితే పరువు పోవడం సంగతి అటుంచి, నాతో ఉండలేకే పారిపోయావా అని ఆమె అడుగుతుంది.

"మీరూ వెళ్ళండి. దారి తెలిసినవాళ్ళు ఇద్దరుంటే వీళ్ళకి ధైర్యం" అని ఉషా భర్తని పురమాయించింది.

రాజారావు వెంటనే అడ్డుపడ్డాడు. నవంబర్‌లో అక్కడ చలి తట్టుకోవడం కష్టమనీ, పిల్లలతో అసలే వద్దనీ, బుద్ధిగా మెక్సికోలో కాన్‌కూన్ బీచ్‌కి వెళ్ళమనీ గట్టిగా చెప్పాడు. డాక్టరు అన్నాక ఇక తిరుగులేదు. నీరజ్ లాప్‌టాప్ మూసేశాడు.

నిశాంత్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆయన అంతా కనిపెట్టి, నలుగురి ముందూ బయటపెట్టకుండా తనని ఒడ్డున పడేశాడు. ఆ మంచితనం తలుచుకున్నకొద్దీ కూర్చోలేకపోయాడు, పాయసం కూడా ముట్టలేదు. రాజారావు ఒంటరిగా డ్రైవ్‌వేలోకి నడవడం చూసి వెనకే వెళ్ళాడు.

"అంకుల్, చరిత ముందు నా పరువు కాపాడారు. మీకు తెలిసిపోయిందని నాకర్థమైంది. నేను నిష్ వెళ్ళలేదు. ఇంటికెళ్ళగానే తనకీ నిజం చెప్పేస్తాను."

రాజారావు గుమ్మం వైపు తిరిగి, ఎవరూ రావడం లేదని రూఢి చేసుకుని, గొంతు బాగా తగ్గించాడు.

"నువ్వూ వెళ్ళలేదా?"